మద్దమ్మ నటించలేదు

కర్నూలులో ఒక ప్రైవేటు కాలేజీలో పద్దెనిమిదేళ్ళు పిల్లలకు సినిమా తీయడం నేర్పాను. పోయిన ఏడాది, యాభై ఆరేళ్ళ వయసులో, ఇక చాలనుకుని బయటికి వచ్చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు ఫోన్ చేసి అనుభవాలు రాయమంటున్నారు. రాయడానికి చాలానే ఉన్నాయి. అయితే ముందు ఒక అబద్ధం దిద్దుకోవాలి. అది దిద్దకుండా మిగతావి ఎన్ని రాసినా వాటిని ఎవరూ నమ్మనక్కర్లేదు.

చివరి తొమ్మిదేళ్ళు ప్రతి బ్యాచ్‌కీ మొదటి క్లాసులో ఒక నిమిషం సినిమా చూపించేవాణ్ణి. మా పిల్లలే తీసిన చిన్న సినిమాలో మొదటి నిమిషం అది. నాపరాళ్ళ గోడల సందులో ఒక పాత జీపు వచ్చి ఆగుతుంది. నలుగురు దిగుతారు. ఒకడు ఒక ఇంటి ముందు నిలబడి "ఈరన్న ఉండాడా?" అని అడుగుతాడు. గడపలో ఉన్న అమ్మాయి నోరు తెరిచేలోపు ఒక ముసలామె పరుగెత్తుకుంటూ వస్తుంది. కాళ్ళకు చెప్పులు లేవు. రెండు చేతులూ చాచి తలుపుకు అడ్డం నిలబడుతుంది. "లేడు నాయనా. ఇంట్ల లేడు. ఊరికి పోయినాడు," అంటుంది. మళ్ళీ అదే అంటుంది. మళ్ళీ అదే. తెర నల్లబడి సినిమా పేరు పడుతుంది.

లైట్లు వేసి నేను చెప్పే మాటలు కూడా ఎప్పుడూ ఒకటే. "ఈమె పేరు మద్దమ్మ. కెమెరా అంటే ఏమిటో తెలియని పల్లెటూరి మనిషి. ఒక్క టేకులో ఎలా నటించిందో చూశారా? కెమెరా పట్టిన ఖాదర్ మన విద్యార్థే. ఎక్కడా చెయ్యి వణక్కుండా ఆమె మీదికి ఎలా తిప్పాడో చూశారా?"

అందులో ఆమె పేరూ, ఆమెకు కెమెరా తెలియదన్న సంగతీ నిజం. ఆమె నటించలేదు. కెమెరా తిప్పింది ఖాదర్ కాదు. నేను.

ఇప్పుడైనా రాయడానికి కారణం ఖాదరే. కడపలో పెళ్ళి వీడియోల షాపు నడుపుతున్నాడు. నా చివరి బ్యాచ్ మొదటి క్లాసులో వాళ్ళ బామ్మర్ది కూర్చున్న సంగతి నాకు తెలియదు. వారం తర్వాత ఖాదర్ ఫోన్ చేశాడు.

"బాగుండారా సార్? మావాడు చెప్పినాడు, కెమెరా నేను తిప్పినా అని మీరు పొగిడినారంట."

"ఎప్పుడూ చెప్తాను కదా ఖాదర్."

"అదే సార్. తొమ్మిదేండ్లుగా చెప్తాండారు. ఎప్పుడో ఒకసారి సరిగ్గా చెప్తారులే అని నేనూ చూస్తాండా. ఇప్పుడు మా ఇంట్లోనే అడుగుతాండారు. ముసలామె అట్ల వణుకుతాంటే నీకు తీయనీకె చేతులెట్లొచ్చినాయిరా అని మా అమ్మ అంటాంది. నేను తీయలేదు కద సార్."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఏదో ఒక సమాధానం చెప్పి ఉండేవాణ్ణి.

అలారం గడియారాలు

ఉద్యోగానికి ముందు హైదరాబాదులో ఎనిమిదేళ్ళు ఒక పెద్ద కెమెరామన్ దగ్గర సహాయకుడిగా ఉన్నాను. ఆయన నోరు చెడ్డది, కన్ను మంచిది. "మొదటి సీనంటే తలుపు తట్టడం రా. లోపలివాళ్ళు ఎవరబ్బా అని లేవాలి. నువ్వు తలుపు పగలగొట్టి లోపలికి పోతే వాళ్ళు లేవరు, పారిపోతారు," అనేవాడు. ఆ మాట నోట్సులో రాసుకున్నాను. పిల్లలకు చెప్పాను కూడా. ఆ తర్వాత ఎక్కడో మరిచిపోయాను.

ఈ పనిలో చేరినవాళ్ళు మొదట చూసేది అలారం గడియారాలు. ఒక ఏడాది నాకు పదకొండు సినిమాలు వస్తే ఏడు అలారంతో మొదలయ్యాయి. గడియారం మోగుతుంది, ఒక చెయ్యి వచ్చి ఆపుతుంది, తర్వాత పళ్ళు తోమడం. ఒక కుర్రాణ్ణి అడిగాను.

"మీ ఇంట్లో అలారం పెట్టుకుని ఎవరు లేస్తారు?"

"ఎవరూ లేవరు సార్. మా అమ్మ చెంబెడు నీళ్ళు మొగం మీద కొడ్తాది."

"మరి అదే తీయొచ్చు కదా?"

"అది సినిమా కాదు కద సార్," అన్నాడు.

క్లాసంతా నవ్వింది. ఆ ఏడాది ఆ చెంబు నీళ్ళే తీయించాను. చూసిన ప్రతివాడూ ఒళ్ళు దులుపుకున్నాడు. నా ఉద్యోగంలో నేను సరిగ్గా చేసిన పనుల్లో అదొకటి. గొప్ప చెప్పుకోవడానికి కాదు, నేను దారి తెలియక తప్పిపోలేదని చెప్పడానికి రాస్తున్నాను. తెలుసు.

దారి మార్చింది పోటీలు. ప్రతి ఏడాదీ మా పిల్లల సినిమాలు హైదరాబాదుకు పంపేవాళ్ళం. ఒకసారి చెంబు నీళ్ళ లాంటి మెత్తటి సినిమా ఒకటి తీసుకుపోతే, న్యాయనిర్ణేత ఒకాయన టీ తాగుతూ అన్నాడు. "మీది కర్నూలు కదండీ? కత్తి ఏదండీ?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగొచ్చాక ప్రిన్సిపాల్ గారికి చెప్పుకుని బాధపడ్డాను. ఆయన బాధపడలేదు. "వాళ్ళు కత్తి అడుగుతుంటే మీరు చెంబు ఎందుకు తీసుకుపోతారు మాస్టారూ?" అన్నాడు.

ఆ తర్వాతి ఏడాది నుంచి క్లాసులో నా సూత్రం మారింది. మొదటి నిమిషంలో ఎవరో ఒకరికి ప్రాణం మీదికి రావాలి. బోర్డు మీద రాసి కింద గీత గీసేవాణ్ణి. గడ్డి కోసే కొడవలి తప్ప వేరే కొడవలి చూడని పిల్లలు కూడా వేటకొడవళ్ళు అట్టతో చేసుకుని తెచ్చేవాళ్ళు. ఈ సీమలో పుట్టినవాణ్ణే నేనూ. మా మీద బయటివాళ్ళు వేసిన బొమ్మను మా పిల్లల చేతే గీయించాను.

మహేశ్వరి రాసిన పేజీ

మహేశ్వరిది బేతంచెర్ల దగ్గర పల్లె. నాన్న బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని. క్లాసులో పెద్దగా మాట్లాడేది కాదు. చివరి సంవత్సరం సినిమాకు ఆమె రాసుకొచ్చిన మొదటి సీను ఒక్క పేజీ ఉంది. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

నల్ల తెర. బొమ్మ లేదు. దూరంగా ఒక బండి శబ్దం. ముసలామె గొంతు: "ఖాళీ లారీ." ఇంకో శబ్దం. "బండల లారీ. బరువు శానా ఏసినారు." ఇంకొకటి. "బేతంచెర్ల బస్సు. పన్నెండాయ." తర్వాత ఇంకో శబ్దం. ముసలామె ఏమీ అనదు. శబ్దం దగ్గరికి వస్తుంది. గడియ పడుతుంది. అప్పుడు మొదటిసారి బొమ్మ: మూసిన తలుపు, లోపలి వైపు నుంచి.

చదివి, పేజీ పైకెత్తి, అందరి ముందూ అన్నాను. "ఇది సినిమానా అమ్మా, రేడియో నాటకమా?"

క్లాసు నవ్వింది. మహేశ్వరి కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది.

తర్వాత స్టాఫ్ రూముకు పిలిచి, ఆ నాలుగో శబ్దానికి ముసలామె ఎందుకు మాట్లాడదని అడిగాను.

"అది ఎవరి బండో ఆమెకు తెలీదు సార్. మా జేజికి తెలిసిన బండైతేనే నోరు తెరుస్తాది." జేజి అంటే వాళ్ళ నాన్నను కన్నతల్లి, మద్దమ్మ.

"తెలియకపోతే భయమెందుకు?"

అప్పుడు చెప్పింది. వాళ్ళ తాత ఈరన్న ఊరి రాజకీయాల్లో ఒక పెద్దమనిషి వెనక తిరిగేవాడు. మహేశ్వరి నాన్న అప్పటికి చిన్నపిల్లవాడు. ఒక మధ్యాహ్నం జీపు వచ్చి ఆగింది. నలుగురు దిగి, గడపలో ఉన్న మద్దమ్మను "ఈరన్న ఉండాడా?" అని అడిగారు. పని మీద వచ్చారనుకుంది. "లోపలుండాడు. రాండప్పా, కూచోండి," అని చెప్పి, వాళ్ళకు మంచినీళ్ళు తేవడానికి వెనక్కు పోయింది. చెంబుతో తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

"అప్పట్నుంచి సార్, ఎవరొచ్చి అడిగినా మా జేజి ఎవరూ లేరనే అంటాది. కరెంటు బిల్లు ఆయప్ప వచ్చినా అంతే. పక్కనే మా నాయన అన్నం తింటాంటాడు, ఇంట్ల ఎవరూ లేరప్పా, ఊరికి పోయినారు అంటాది. ఆయప్పకూ తెలుసు. సరేలే అవ్వా, ఊరి నుంచి వచ్చినాక కట్టమని చెప్పు అంటాడు." మహేశ్వరి కొంచెం నవ్వింది. "ఇప్పుడు మేలు సార్. ఈ రెండేండ్లుగా బయట అరుగు మీద కూచుంటాంది. తెలిసిన బండైతే లోపలికి పోదు. ఎంత దూరంలో ఉన్నా చెప్పేస్తాది. అందుకే అది రాసినా."

వింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే సమయంలో జీపు ఏ సందులో ఆగాలో, కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా తోచింది. ఆ రెండూ ఒకేసారి జరిగాయి. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు అది వస్తుంది. వచ్చిందని గుర్తుపట్టి సిగ్గుపడాలి. నేను సంతోషపడ్డాను.

"శబ్దాలు వద్దు. జీపునే చూపిద్దాం. ఆ నలుగురినీ, ఆ ప్రశ్ననూ చూపిద్దాం," అన్నాను.

తల దించి టేబుల్ మీది గాజుపలక వైపు చూసింది. "మీ ఇష్టం సార్," అంది.

కొత్తగా వచ్చే మాస్టర్లు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. మన దగ్గర చదివే పిల్లలు, ముఖ్యంగా ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాళ్ళు, "మీ ఇష్టం సార్" అంటే ఒప్పుకున్నట్టు కాదు. కాదనే దారి వాళ్ళకు మనం ఉంచలేదని అర్థం. మార్కులు నా చేతిలో ఉన్నాయి. కెమెరా తాళం నా చేతిలో ఉంది.

అయినా రెండు షరతులు పెట్టింది. ఊళ్ళో ముందురోజు టముకు వేయించాలి. ఆ వైపు పల్లెల్లో ఏదైనా కొత్తది జరిగేటప్పుడు డప్పు కొట్టి చాటింపు వేయడం మామూలే. ఇది ఆట, నిజం కాదు, ఎవరూ బెదరొద్దని చెప్పిస్తానంది. రెండోది, జేజి ఊళ్ళో లేని రోజు తీయాలి. ఆ చైత్రంలో ఒంటిమిట్ట కల్యాణానికి ఊరి ఆడవాళ్ళు బస్సు మాట్లాడుకున్నారు. ఎన్నో ఏళ్ళ తర్వాత మద్దమ్మ కూడా వస్తానందట. వాళ్ళు గురువారం పోతే, శుక్రవారం తీద్దామంది.

సరేనన్నాను.

కోడుమూరు జీపు

ఈరన్న కోసం అప్పట్లో వచ్చిన జీపులాంటిదే కావాలని పట్టుబట్టాను. రంగు ఒక్కటే కాదు, శబ్దం కూడా అదే ఉండాలన్నాను. ఖాదర్‌ను వెంటబెట్టుకుని తిరిగి తిరిగి కోడుమూరులో ఒక విత్తనాల వ్యాపారి దగ్గర పట్టుకున్నాను. ఆయన తాళం తిప్పి ఇంజను ఆన్ చేసి, "ఇనుకో సార్. ఇప్పటి బండ్లకు ఈ గొంతు యాడొస్తాది?" అన్నాడు. పొగ దిగమింగుకుంటూ నిలబడి విన్నాను. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

ఆయన బుధవారం అయితేనే ఇస్తానన్నాడు. శుక్రవారం వాళ్ళింట్లో పెళ్ళి. నేను షూటింగు బుధవారానికి మార్చి, మంగళవారం సాయంత్రం మహేశ్వరికి చెప్పాను.

"జేజి రేపు ఊర్లోనే ఉంటాది సార్."

"మీ ఇంటికి నాలుగిళ్ళ అవతల కదా తీసేది? మధ్యాహ్నం పడుకుంటుందని నువ్వే చెప్పావు."

"అయితే టముకన్నా ఏపిద్దాం సార్. జేజికి నేను ఇనిపిస్తా."

"టముకు వేస్తే ఊరంతా వచ్చి కెమెరా ముందు నిలబడుతుంది. అరుగుల మీద ఉన్నవాళ్ళ మొహాల్లో ఆ బెదురు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఈ వాక్యాన్ని అందంగా మార్చి రాయాలనిపించింది. మార్చడం లేదు. నేను ఇదే అన్నాను.

బుధవారం ఎండ మండుతోంది. మహేశ్వరి వాళ్ళమ్మను జేజి పక్కనే ఉండమని చెప్పి వచ్చింది. నీళ్ళ ట్యాంకరు వచ్చిందని ఆ తల్లి బిందెతో ఒక పది నిమిషాలు బయటికి వెళ్ళింది. సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే నేను జీపును రమ్మని చెయ్యి ఊపాను.

జీపు వచ్చింది. నలుగురు పిల్లలు దిగారు. ఒకడు నేను నేర్పినట్టే నిలబడి, నేను నేర్పినట్టే గట్టిగా "ఈరన్న ఉండాడా?" అన్నాడు. చనిపోయిన మనిషి పేరు కూడా మార్చలేదు నేను. మారిస్తే నిజం పోతుందన్నాను.

మద్దమ్మ నాలుగిళ్ళ అవతలి నుంచి పరుగెత్తుకొచ్చింది. అంత వయసులో అలా పరుగెత్తగలరని నేను అనుకోలేదు. అది తన ఇల్లు కాదని కూడా ఆమెకు తెలియలేదు. తలుపుకు అడ్డం పడి చేతులు చాచింది. అన్నేళ్ళ కిందట అనలేకపోయిన మాట అంది. "లేడు నాయనా. ఇంట్ల లేడు. ఊరికి పోయినాడు."

నటిస్తున్న నలుగురు పిల్లలూ, గడపలో నిలబెట్టిన మా విద్యార్థినీ బిక్కచచ్చిపోయారు. ఖాదర్ కెమెరా నుంచి కన్ను తీసి, "సార్, ఇది మన సీను కాదు. ఆపుతాండా," అని పక్కకు జరిగాడు. నేను ఆ చోట్లోకి వెళ్ళి, పిడి పట్టుకుని, కెమెరాను ఆమె మొహం మీదికి తిప్పాను.

మహేశ్వరి పరుగెత్తబోయింది. ఎడమ చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్క నిమిషం," అన్నాను. ఆగింది. సార్ ఆగమంటే ఆగడం అలవాటైన పిల్ల. ఎడిటింగులో తర్వాత కొలిచాను. పదకొండు సెకన్లు ఆగింది. ఆ తర్వాత నా చెయ్యి తోసేసి వెళ్ళింది.

"జేజీ, వీళ్ళు మా కాలేజోళ్ళు జేజీ. ఎవరూ రాలేదు," అని పట్టుకుంది.

మద్దమ్మ మనవరాలి చెవిలో చెప్పింది. మైకు దగ్గరగా ఉండబట్టి తర్వాత రికార్డులో నాకు కూడా వినబడింది. "నువ్వు లోపలికి పో. మీ తాతను లేవనీయొద్దు."

ఎదురు అరుగు మీద చుట్ట తాగుతున్న ముసలాయన లేచి నా దగ్గరికి వచ్చాడు. నన్నూ కెమెరానూ ఎగాదిగా చూశాడు. "ఏమప్పా అయ్యవారూ, సచ్చినోన్ని మల్లా సంపనీకె వచ్చినారా? ఆ పొద్దు వచ్చినోళ్ళు ఇన్ని సామాన్లు తేలేదే," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

హార్డ్ డిస్కు

మర్నాడు మద్దమ్మ ఒంటిమిట్ట బస్సు ఎక్కలేదు. అరుగు మీదికి కూడా రావడం మానేసింది. మహేశ్వరి వారం తర్వాత ఎడిటింగు గదికి వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పింది. నేను స్క్రీన్ మీద ఆ షాటే చూస్తున్నాను.

"సార్, అది తీసేయండి."

"అది తీసేస్తే సినిమా లేదమ్మా."

"సినిమా లేకపోతే పోనీలే సార్. జేజి ఉండాది కదా."

"ఆమె బాధ వృథా పోకూడదంటే ఇది పదిమందీ చూడాలి," అన్నాను. తియ్యగా ఉండే మాట. ఇలాంటివి మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. "పోనీ, అప్పుడు రాసిన శబ్దాల సీను తీద్దాం సార్. అప్పుడే రికార్డు చేసి పెట్టుకున్నా," అని మహేశ్వరి ఒక పెన్ డ్రైవ్ టేబుల్ మీద పెట్టింది. నేను దాన్ని కంప్యూటర్‌కు పెట్టను కూడా పెట్టలేదు.

హార్డ్ డిస్కు నా బీరువాలో ఉండేది. పోటీకి సినిమా నేనే పంపాను. దర్శకత్వం మహేశ్వరి, కెమెరా ఖాదర్, నటి మద్దమ్మ అని పేర్లు వేశాను. నా పేరు మార్గదర్శకుడిగా చివర్లో చిన్న అక్షరాల్లో వేసుకున్నాను. అప్పుడు అది వినయం అనుకున్నాను. చేసినవాడి పేరు కనబడకుండా ఉండటమే దానివల్ల జరిగింది.

మొదటి బహుమతి వచ్చింది. నటనకు మద్దమ్మకు ప్రత్యేక ప్రశంస కూడా ఇచ్చారు. వేదిక మీద ఒకాయన మహేశ్వరికి మైకు ఇచ్చి, "అంత పెద్దావిడ చేత అలా ఎలా చేయించావమ్మా?" అని అడిగాడు. ఆమె మైకు పట్టుకుని నిలబడింది. నోరు తెరుస్తోందని నాకు తెలిసింది. నేను ముందుకు వెళ్ళి మైకు తీసుకున్నాను. "ఆమె సహజ నటి అండీ. ఒక్క టేకు," అన్నాను. చప్పట్లు కొట్టారు. మా ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడి కొట్టారు.

మర్నాడు నా టేబుల్ మీద ఆ ప్రశంసతో పాటు ఇచ్చిన జ్ఞాపిక ఉంది. మద్దమ్మ పేరు చెక్కి ఉన్న గాజు పలక. చీటీ ఏమీ లేదు. పరీక్షలు రాసి వెళ్ళిపోయిన తర్వాత మహేశ్వరి మళ్ళీ నాతో మాట్లాడలేదు.

నాలుగో శబ్దం

పని గురించి చెప్పాల్సింది కూడా చెప్తాను, ఎందుకంటే అక్కడ కూడా నాది తప్పే.

ఖాదర్ ఫోన్ తర్వాత ఇల్లంతా వెతికితే ఆ పెన్ డ్రైవ్ దొరికింది. మహేశ్వరి రికార్డు చేసిన శబ్దాలు అందులో అలాగే ఉన్నాయి. చెవులకు పెట్టుకుని కళ్ళు మూసుకుని విన్నాను. ఖాళీ లారీ గలగలమంటుంది. బండలు వేసిన లారీ మూలుగుతుంది. మూడోదానికి ముసలామె కంటే ముందే నేను "బస్సు" అనుకున్నాను. అంటే మూడు శబ్దాల్లో ఆ పిల్ల నాకు ఆట నేర్పింది. నాలుగో శబ్దం వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. నేను కుర్చీలో ముందుకు వంగాను. ఊపిరి బిగబట్టాను. గడియ పడ్డాక గానీ వదల్లేదు.

అన్నేళ్ళు ఈ పనిలో ఉండి, పట్టి కూర్చోబెట్టే మొదటి సీను ఎలా ఉంటుందో ఇరవై ఏళ్ళ పిల్ల నా చేతిలో పెడితే గుర్తుపట్టలేదు. అందులో ఎవరూ ఎవరినీ భయపెట్టనక్కర్లేదు. జీపు వెతకనక్కర్లేదు. ఆ సీనులో మద్దమ్మ తన ఇష్టంతో, తన అరుగు మీద కూర్చుని, మనవరాలి ఫోనులోకి చెప్పిన మాటలు ఉన్నాయి. చివర్లో ఆమె నవ్వుతూ "చాలాప్పా ఇంగ?" అనడం కూడా ఉంది. ఆమె నవ్వు నేను విన్నది అందులోనే.

మీ దగ్గరికి ఇలాంటి పేజీ వస్తే క్లాసులో పైకెత్తి నవ్వించకండి. ఇంటికి తీసుకుపోయి రెండుసార్లు చదవండి. షూటింగుకు పోయిన ఊళ్ళో టముకు వేయించండి. దానివల్ల పాడయ్యే సీను పాడుకానీయండి. ఎవరైనా ఇది మన సీను కాదు, ఆపుతున్నాను అంటే, వాడికి ఆ ఏడాది అందరికంటే ఎక్కువ మార్కులు వేయండి. ఖాదర్‌కు నేను మామూలు మార్కులు వేశాను.

పన్నెండు గంటల బస్సు

మహేశ్వరి ఇప్పుడు కడపలో ఒక స్కూల్లో తెలుగు చెప్తోంది. మళ్ళీ సినిమా తీయలేదు. నంబరు ఖాదర్ ఇచ్చాడు.

"నిజం రాద్దామనుకుంటున్నానమ్మా. నీ అనుమతి కావాలి," అన్నాను.

"తొమ్మిదేండ్ల కింద అడగాల్సింది సార్," అంది. స్కూలు గంట వినబడింది. "రాయండి. ఊరి పేరు ఎయ్యొద్దండి. జేజి పేరు మాత్రం ఎయ్యండి. ఆమె పేరు పెట్టి అబద్ధం చెప్పినారు కదా, ఆమె పేరు పెట్టే నిజం చెప్పండి."

కాలేజీవాళ్ళతో మాట్లాడి సినిమాను వాళ్ళ యూట్యూబ్ ఛానల్ నుంచి తీయించాను. ఎవరెవరి ఫోన్లలో తిరుగుతోందో తెలియదు. మహేశ్వరికి మళ్ళీ ఫోన్ చేసి ఆ సంగతి చెప్పి, ఒకసారి జేజిని చూసి క్షమించమని అడగాలని ఉందన్నాను.

"పోతే పోండి సార్. కారులో మాత్రం పోవద్దండి. పన్నెండు గంటల బస్సులో పోండి. ఆ శబ్దం ఆమెకు తెలుసు."

బస్సులోనే వెళ్ళాను. సంచిలో ఆ గాజు జ్ఞాపిక పెట్టుకున్నాను. ఇవ్వాలనో, చూపించి చెప్పాలనో, నాకే తెలియలేదు. దిగి దూరం నుంచి చూస్తే ఆ ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. నాపరాళ్ళ గోడ పక్కన నడుస్తూ ఉంటే నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినబడింది. పది అడుగులు ఉండగా తలుపు మూసుకుంది. గడియ పడింది.

గడప ముందు నిలబడ్డాను. దారి పొడవునా ఏం చెప్పాలో మాటలు కూడగట్టుకున్నాను. అవేవీ రాలేదు. మూసిన తలుపు ముందు నిలబడితే ఎవరికైనా నోటికి వచ్చే మాటే వచ్చింది.

"మద్దమ్మ ఉండాదా?"

అన్నాక గానీ తెలియలేదు, ఆ రోజు ఆ పిల్లవాణ్ణి గడపకు ఎంత దూరంలో నిలబెట్టానో అంతే దూరంలో నిలబడ్డానని.

లోపలి నుంచి గొంతు వచ్చింది. ముసలిదైపోయిన గొంతు. అయినా నేను తొమ్మిదేళ్ళు ప్రతి జూన్‌లో విన్న గొంతే.

"లేదప్పా. ఇంట్ల ఎవరూ లేరు. ఊరికి పోయినారు."

తలుపు ఇవతలి నుంచే అంతా చెప్పేయవచ్చు. నేను ఫలానా, నా వల్ల తప్పయింది అనొచ్చు. కానీ ఏ మాట అన్నా, నువ్వు లోపల ఉన్నావని నాకు తెలుసు అని చెప్పినట్టే. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పకూడదు.

"సరే అవ్వా. లేకపోతే పోతాండా," అన్నాను.

వెనక్కు తిరిగి, అడుగుల చప్పుడు వినబడేలా నడిచి, రోడ్డు పక్కన పేర్చిన బండల మీద కూర్చున్నాను. ఎండకు బండలు కాలుతున్నాయి. బేతంచెర్ల పోయిన బస్సు గంటకు తిరిగి వచ్చింది. ఎక్కి చివరి సీట్లో కూర్చుని వెనక అద్దంలోంచి చూశాను.

బస్సు కదిలింది. ఆ ఇంటి తలుపు బెత్తెడు తెరుచుకుంది. మలుపు తిరిగేదాకా అంతే ఉంది.